బిజిలీకి చోటు వెతికిన రోజులు

మా అపార్టుమెంటులో కింది వాటాలో ఉండే హారిక అనే అమ్మాయి ఒక ఆదివారం పొద్దున్నే తన కుక్కని వెంటబెట్టుకుని వచ్చి, "ఆంటీ, ఈ చుట్టుపక్కల ఎవరూ తిరగని ఖాళీ నేల ఎక్కడుందో మీకు తెలుసా?" అని అడిగింది. ఖాళీ నేల గురించి ఆరా తీసేవాళ్ళంటే నాకు చప్పున అనుమానం. విజయనగరం కాలేజీలో ఏళ్ళ తరబడి తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నా దగ్గర ఛందస్సు నేర్చుకున్నవాళ్ళలో సగంమంది ఇప్పుడు స్థలాల బేరాల్లో ఉన్నారు. "ఎందుకమ్మా?" అన్నాను తలుపు పూర్తిగా తీయకుండానే. ఆ పిల్ల నవ్వి, కుక్కకి వాసన పట్టి మనిషి జాడ వెతకడం నేర్పిస్తున్నానని, ఫోనులో చూసి చాలావరకు నేర్చుకున్నానని, అయితే ఇంటి ముందు రోడ్డు మీద ఆ పని కుదరడం లేదని చెప్పింది. కుక్క నా చెప్పుల్ని ఒక్కొక్కటే వాసన చూసి, నా కుడికాలి చెప్పు దగ్గర ఆగింది. నేను తలుపు పూర్తిగా తీశాను.

ఆ వారంలోనే ఆమె కారులో రెండు చోట్లకి వెళ్ళాం. మొదటి చోట ఒకప్పుడు గోగు పండించిన నేల. ఇప్పుడు అంకెలు రాసిన రాళ్ళు పాతి ఉన్నాయి. మేం దిగి అయిదు నిమిషాలు కాకముందే మోటారు సైకిలు మీద ఇద్దరు వచ్చారు. "ఏటండీ, సర్వేకొచ్చినారా?" అన్నాడు ఒకాయన. కుక్కకి శిక్షణ ఇవ్వడానికి వచ్చామని హారిక చెప్పింది. "కుక్కకి సదువేటండీ? నిజం సెప్పండి, ఏ కంపెనీ?" అని ఆయన మా కారు నంబరు ఫోటో తీసుకున్నాడు. రెండో చోట, చెరకు కొట్టేసిన పొలంలో, ఎవరూ కనపడలేదు గాని, మేం తిరిగి వచ్చేసరికి కారు చుట్టూ పదిమంది నిలబడి ఉన్నారు. మేం ఎక్కి కూర్చునేదాకా మమ్మల్నే చూశారు. తిరిగి వస్తూ హారిక, "ఆంటీ, ఇందాక మీరు మట్టి పిడికిట్లోకి తీసుకుని గాలికి వదిలారు. గాలి ఎటు వీస్తోందో అలా చూడాలని మీకెవరు చెప్పారు?" అని అడిగింది. నేనలా చేసినట్టు నాకే తెలియదు. "మా మావయ్య" అన్నాను. అంతకు మించి ఆ రోజు చెప్పలేదు. చెప్పవలసింది చాలా ఉంది.

మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, సైన్యంలో కుక్కల్ని చూసుకునే విభాగంలో పనిచేసి ఇంటికి వచ్చాడు. నేను డిగ్రీ మొదటి ఏడాది చదువుతూ వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. రామతీర్థం వెళ్ళే దారిలో, విజయనగరం ఊరు అయిపోయే చోట, రెండు గదుల పెంకుటిల్లు. తెల్లవారుతూనే మావయ్య బూట్లకి పాలిష్ పట్టే వాసన, దాని వెనకే అత్తయ్య పొయ్యి మీద ఉడికే నూకల వాసన, ఆ నూకల్లో పడే ఎండు చేపల వాసన, ఈ మూడూ కలిసి నన్ను నిద్ర లేపేవి. అత్తయ్యది భావనపాడు. వాళ్ళ నాన్న, అన్నదమ్ములు చేపల వ్యాపారం చేసేవారు. ఆమె గొంతు సముద్రం పక్కన పెరిగిన గొంతు. వంటింట్లో మాట్లాడితే వీధి చివర వినబడేది. మావయ్య ఎక్కడో తెచ్చిన అల్సేషియన్ పిల్లకి బిజిలీ అని పేరు పెట్టాడు. అత్తయ్య నోట్లో అది బిజ్జిలి అయింది. దానికి వేరే సత్తు గిన్నె, వేరే గరిటె. "నా సేత్తో వండిన కూడు నా మొగుడి కంటే కుక్కే ఎక్కువ తింటన్నాది" అని రోజూ సణిగేది. గిన్నె అడుగున మాత్రం ఎప్పుడూ ఒక పెద్ద చేప ముక్క ఉండేది. మావయ్య చూడకుండా వేశాననుకునేది. మావయ్య చూడనట్టు నటించేవాడు.

మావయ్యకి ఒక జూట్ మిల్లులో కాపలావాళ్ళ పెద్దగా ఉద్యోగం ఇస్తామన్నారు. అయితే ఉత్త మావయ్యకి కాదు. కుక్కతో సహా రావాలి, అది మనిషి జాడ పట్టి మైలు దూరం పోగలదని మేనేజరు ఎదుట చూపించాలి. ఆ పరీక్ష కోసం బిజిలీని తయారు చేయడానికి నేను కావలసి వచ్చాను. జాడ పట్టాలంటే ముందు ఎవరో ఒకరు నడవాలి కదా. నా పాత ఓణీ ఒకటి మూడు ముక్కలు చేశాడు. బయలుదేరిన చోట ఒకటి, దారి మధ్యలో ఒకటి, నేను వెళ్ళి కూర్చున్న చోట ఒకటి వదలాలి. అరగంట ఆగి మావయ్య బిజిలీకి మొదటి ముక్క వాసన చూపించి, పొడుగాటి తాడు పట్టుకుని దాని వెనక నడుస్తాడు. ముక్క దొరికిన చోటల్లా అది కూర్చోవాలి. నాకు ఒకటే నియమం. "నడిసేటప్పుడు ఎవుల గుమ్మంలోకీ ఎల్లకు. నువ్వెల్తే అదీ ఎల్తాది. అది ఎల్తే ఊరు ఊరికే ఊరుకోదు."

నడవడం తేలికే. నడవడానికి చోటు దొరకడమే కష్టమైంది. కోట వెనక మైదానంలో మొదలుపెట్టాం. అక్కడ క్రికెట్ ఆడే పిల్లలు, ఊరకుక్కలు, మేకలు. బిజిలీ మేకల జాడ పట్టుకుని వెళ్ళి ఒక బడ్డీకొట్టు ముందు తేలింది. తర్వాత ఒక జీడితోటలోకి వెళ్ళాం. ఎండుటాకుల మీద తేమ నిలిచి వాసన బాగా పట్టుకుంటుందని మావయ్య సంబరపడ్డాడు. రెండో రోజుకి తోట చుట్టూ ఉన్న ఇళ్ళలో మగవాళ్ళందరూ మాయమయ్యారు. ఒక ముసలమ్మ చీపురు పట్టుకుని మాకు ఎదురొచ్చి, "సారా కుండలు లేవు బాబూ, మొన్ననే పారబోసీనాం. కుక్కని తీసికెల్లిపోండి" అంది. మేం ఎక్సైజు వాళ్ళం కాదని మావయ్య ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. "కానోళ్ళు ఇంత పొద్దున్నే బూట్లేసుకుని ఎందుకొస్తారు?" అని ఆమె అడిగింది.

భావనపాడు ఇసక తిన్నెలు అత్తయ్య ఎంపిక. వాళ్ళ అన్నయ్య చేపలు దించి ఖాళీగా తిరిగి వెళ్ళే లారీలో నలుగురం, అంటే బిజిలీతో కలిపి, వెళ్ళాం. లారీ దిగేసరికే దాని ముక్కు పనిచేయడం మానేసిందని మావయ్య అన్నాడు. ఒడ్డు పొడవునా చేపలు ఎండబోసి ఉన్నాయి. బిజిలీ నన్ను వదిలేసి కవ్వళ్ళ చేపల వరస వెంట నడిచి మొత్తం వరసని పరీక్ష చేసింది. అక్కడ ఈమధ్యే వలలు దొంగతనం పోయిన ఇంటివాళ్ళు ఒకరున్నారు. అత్తయ్య సొంత ఊళ్ళో, సొంత మేనత్తే ఆమెని పక్కకి పిలిచి, "నిజం సెప్పీయే, మీ ఆయన్ని ఎవులు పంపినారు? మన వోళ్ళలో ఎవుల మీద అనుమానం?" అని అడిగింది. అత్తయ్య ఆ రోజు తిరుగు దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె మౌనంగా ఉండటం నేను చూసింది ఆ ఒక్క రోజే.

చివరికి దొరికింది రామతీర్థం కొండకి అవతల ఉన్న ఒక పల్లె. దాని పేరు రాయను. వరి కోసేసిన పొలాలు, మోకాలెత్తు గట్లు, మంచు పడి తడిసిన మోళ్ళు. మావయ్య మట్టి పిడికిట్లోకి తీసుకుని వదిలి, అది నెమ్మదిగా పక్కకి జారడం చూసి, "ఇది కదే సోటంటే" అన్నాడు. తెల్లవారుజామున సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళం. బిజిలీ పక్కన పరిగెత్తేది. మొదటి రోజే మావయ్య టీ బడ్డీ దగ్గర పెద్దల్ని కలిసి సంగతంతా చెప్పాడు. ఆ పొలాల్లో ఎక్కువ భాగం ఉన్న నాయుడుగారు మీసం దువ్వుకుంటూ విని, "అలాగే, ఆడుకోండి" అన్నాడు. ఆయన ఒప్పుకున్న తీరు నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో రెండు రోజుల్లో తెలిసింది. అంతకు పదిరోజుల ముందు ఆయన మోటారు దగ్గర రాగి తీగ ఎవరో కోసుకుపోయారు. మేం చెప్పిందంతా పైకి చెప్పే కబురేనని, ఎవరో పెద్దవాళ్ళ ద్వారా ఆ తీగ కోసమే పోలీసు కుక్క వచ్చిందని ఊరు తీర్మానించేసుకుంది. మేం గట్ల మీద నడుస్తుంటే దూరంగా ఐదారుగురు నడిచేవారు. మేం ఆగితే ఆగేవారు. మావయ్య చెయ్యూపితే వాళ్ళు చెయ్యూపేవారు కాదు.

ఆరో రోజో ఏడో రోజో సరిగ్గా గుర్తులేదు. నేను ముందు బయలుదేరి సగం దూరం నడిచాక నడుములో సన్నగా నొప్పి మొదలైంది. నాకు అప్పటికి ఇంకా వారం టైముందనుకున్నాను. తెల్లని పరికిణీ. చుట్టూ కోసేసిన పొలాలు, ఎక్కడా చాటు లేదు. అరగంటలో వెనకనుంచి కుక్కతో మావయ్య వస్తాడు, ఆయన వెనకే ఆ ఐదారుగురు మగవాళ్ళు. ఊరికి ఎడంగా, పొలాల అంచున ఒక తాటాకు ఇల్లు కనపడింది. గబగబా అందులోకి వెళ్ళాను. లోపల ఒక ఆవిడ రాగుల జావ కాస్తోంది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దదై ఉంటుంది. నన్ను తలనుంచి కిందికి చూసి, ఏమీ అడక్కుండానే, "ముట్టయినావేటమ్మా?" అంది. పెరట్లో తడిక చాటున నీళ్ళు తోడిపెట్టింది. పెట్టెలోంచి ఉతికిన పాత చీర చింపి ఇచ్చింది. పరికిణీ మరక తనే ఉతికి, పొయ్యి సెగకి ఆరబెట్టింది. నేను ఏడుస్తున్నాను. "ఎవులికీ సెప్పకండి. మా మావయ్యకి అసలు సెప్పకండి" అన్నాను. మామూలుగా నేను అలా మాట్లాడను, ఆమె మాట నా నోట్లోకి వచ్చేసింది. "నానెందుకు సెప్తాను? నీ నెత్తి మీద సెయ్యేసి సెప్తన్నాను, ఎవులికీ సెప్పను" అని నిజంగానే నా తల మీద చెయ్యి వేసింది. ఆమె పేరు పైడమ్మ. పరికిణీ కాస్త ఆరగానే నేను పెరటి దారిన వెళ్ళిపోయి, మూడు మళ్ళ అవతల తాటిచెట్టు కింద కూర్చున్నాను. దారి మధ్యలో వదలవలసిన ఓణీ ముక్కతో చేతులు తుడుచుకుని ఆ ఇంట్లోనే మరిచిపోయానన్నది కూర్చున్నాక గుర్తొచ్చింది.

గుర్తొచ్చేసరికే బిజిలీ అరుపు వినబడింది. నేను వెనక్కి పరిగెత్తాను. అది పైడమ్మ గుమ్మం ముందు కూర్చుని, లోపలికి చూస్తూ, కదలకుండా మొరుగుతోంది. మావయ్య తాడు పట్టుకు లాగుతున్నాడు. అది రావడం లేదు. ఆ ఐదారుగురు ఇప్పుడు దూరంగా లేరు, పెరటి తడిక పక్కనే ఉన్నారు. పైడమ్మ లోపల ఏదో నేలమీంచి తీసి గబుక్కున కొంగులో దోపుకోవడం వాళ్ళూ చూశారు, నేనూ చూశాను. అది ఏమిటో నాకు తెలుసు. వాళ్ళకి తెలియదు. పైడమ్మ నన్ను ఒకసారి చూసి, చూడనట్టు ముఖం తిప్పుకుంది. "నువ్విటు వొచ్చినావేటే?" అని మావయ్య నన్ను అడిగాడు. "లేదు మావయ్యా" అన్నాను.

ఆ ఒక్క మాట తర్వాత జరిగినవి వరసగా చెబుతాను. మావయ్య బిజిలీ ముక్కు పోయిందనుకున్నాడు. దాని నోరు తెరిచి చూశాడు, ముక్కు మీద చెయ్యి పెట్టి చూశాడు. అత్తయ్య ఎండు చేపల వల్లే చెడిందని అనుమానించి చేపలు మాన్పించాడు. అత్తయ్య ఆయన మీద అనుమానపడింది, పరీక్షకి భయపడి సాకులు వెతుకుతున్నాడని. బిజిలీని రోజంతా పెరట్లో కట్టేశాడు. అది చేసిన తప్పేమిటో దానికి తెలియక, మావయ్య బూట్ల చప్పుడు వినబడినప్పుడల్లా లేచి కూర్చునేది. తను నేర్చుకున్నట్టే, వీపు నిటారుగా పెట్టి. నేను పుస్తకం ముందు పెట్టుకుని అది చూస్తూ ఉండేదాన్ని.

నాలుగో రోజు కూరగాయలు తెచ్చే మనిషి అత్తయ్యతో ఆ ఊరి కబురు చెప్పింది. పైడమ్మ భర్త సింహాచలం నాయుడుగారి పొలానికి నీళ్ళు కట్టే మనిషి. మోటారు తాళం అతని దగ్గరే ఉండేదట. కుక్క పట్టేసిందని అతన్ని పనిలోంచి తీసేశారు. తీగ కోసం ఇంటి కప్పు తాటాకులు పీకి చూశారు, పెరడు తవ్వారు. రేపోమాపో స్టేషనుకి తీసుకెళ్తారట. "ఆడేమో తీయనేదని ఏడుత్తన్నాడు. పెల్లాం మాత్రం నోరిప్పదు. కొంగులో ఏటి దాసినావే అంటే సెప్పదు. తప్పు సేయనోల్లు సెప్పరేటి?" అని ఆమె వంకాయలు తూచింది.

నేను వంటింట్లోకి వెళ్ళి అత్తయ్యకి అంతా చెప్పేశాను. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చేతిలో గరిటె కింద పెట్టింది. "ఆ ఆడది మొగుణ్ణి పోగొట్టుకోడానికైనా సిద్ధపడినాది గాని నీ మాట బయట పెట్టనేదు. నువ్వు నాలుగు రోజులు ఇంత కూడు ఎలా తిన్నావే?" అంది. అంత నెమ్మదిగా ఆమె అన్న మాట నేను ఇంకొకటి వినలేదు. మావయ్యకి మాత్రం తను చెప్పనంది. "నీ నోటితోనే సెప్పు." చెప్పాను, గోడ వంక చూస్తూ. మావయ్య పెరట్లోకి వెళ్ళి బిజిలీ తాడు విప్పి, దాని పక్కన నేలమీద కూర్చున్నాడు. కాసేపటికి అక్కడినుంచే, "రేపు పొద్దున్నే ఎల్దాం. మీ అత్త కూడా వస్తాది" అన్నాడు.

నాయుడుగారి కళ్ళంలో ఊరు ఊరంతా పోగయింది. సింహాచలం ఒక పక్క చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సన్నటి మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పైడమ్మ ఆడవాళ్ళ వెనక ఉంది. మావయ్య నన్ను ముందుకి నిలబెట్టి, "మా మేనకోడలు మీకొక మాట సెప్తాది" అన్నాడు. నేను ఆ ఇంట్లోకి వెళ్ళానని, నా జాడ పట్టుకునే కుక్క వెళ్ళిందని చెప్పాను. నాయుడుగారు మీసం దువ్వుకున్నాడు. "ఎందుకెల్లినావు తల్లీ?"

"మంచినీళ్ళకి."

"నా మోటారు కాడ తొట్టి నిండా నీల్లు. టీ బడ్డీ కాడ కుండ. అయ్యి దాటుకుని ఆ సివర ఇంటికెల్లి నీల్లు తాగినావా?" ఆయన జనం వంక తిరిగాడు. "ఇదేటో ఇన్నారా? ఆడి మీద జాలేసి వొచ్చి కత సెప్తన్నారు."

కొందరు నవ్వారు. నేను పైడమ్మ వంక చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది, చెప్పొద్దని. నాకు ఆ క్షణం ఇప్పటికీ ఒంటి మీద ఉంది. ఇంటి కప్పు పీకించుకున్న మనిషి, ఇంకా నా పరువు గురించి చూసుకుంటోంది. "నీళ్ళకి కాదు" అన్నాను. మళ్ళీ గట్టిగా అన్నాను. "నేను బయట చేరాను. నా పరికిణీ పాడైంది. ఆవిడ నాకు గుడ్డ ఇచ్చింది. ఆవిడ కొంగులో దాచింది నా ఓణీ ముక్క. ఎవరికీ చెప్పొద్దని నేనే బతిమాలాను."

మగవాళ్ళు చాలామంది నేలచూపులు చూశారు. అత్తయ్య నా పక్కకి వచ్చి నిలబడింది. పైడమ్మ లేచి ఇంటికి వెళ్ళి, ఉతికి మడతపెట్టిన ఓణీ ముక్క తెచ్చి మావయ్య చేతిలో పెట్టింది. మావయ్య జేబులోంచి మిగిలిన రెండు ముక్కలు తీసి పక్కన పరిచాడు. అంచు పువ్వులు కలిశాయి. ముందు వరసలో ఉన్న ఒక ముసలమ్మ వంగి చూసి, "ఒకే బట్టే బాబూ. పాపం, దీనికా ఇల్లు పీకినారు?" అంది.

నాయుడుగారు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. "సరే, గుడ్డ సంగతి నిజమే అనుకుందాం. తీగ కూడా ఆ ఇంట్లోనే ఉండకూడదని ఏటున్నాది? నీ కుక్క అంత గట్టిదైతే నా తీగ ఎవులు తీసినారో ఇప్పుడే పట్టించు."

"పట్టనేదు బాబూ" అన్నాడు మావయ్య. "రోజులైపోనాయి, ఎండ కాసింది, పశువులు తొక్కీసినాయి. పైగా ఇది దొంగ వాసన పట్టదు. నాను ఏ వాసన సూపిస్తే ఆ మనిషి ఎనకాల ఎల్తాది, అంతే."

సింహాచలం ఒక అడుగు ముందుకి వేశాడు. "మరి నాను దొంగని కాదని ఎవులు సెప్తారు బాబూ?"

మావయ్య అతని వంక చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "అది నాను సెప్పలేను. నా కుక్క నీ గురించి ఏటీ సెప్పనేదని మాత్రం ఈ ఊరందరి ఎదట సెప్తన్నాను. తప్పు మాది."

స్టేషను మాట ఆగిపోయింది. అంతవరకే మా చేతిలో ఉంది. తర్వాత మావయ్య తాటాకులు తెప్పించి, మూడు రోజులు ఆ ఊరికి వెళ్ళి, సింహాచలంతో పాటు కప్పెక్కి ఇల్లు కప్పాడు. అత్తయ్య కింద నిలబడి మట్టలు అందించింది. బిజిలీ మిల్లు పరీక్ష నెగ్గింది. ఆ పరీక్షకి జాడ వేసింది మిల్లులో ఒక గుమాస్తా. జాడ వేయమని నన్ను మావయ్య మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. కోపం కాదని అత్తయ్య అనేది. ఏమో, నేను నమ్మలేదు. ఉద్యోగంలో చేరాక, మిల్లులో ఏదైనా పోయినప్పుడు వరసగా మనుషుల్ని నిలబెట్టి కుక్కని వదలమని అడిగితే మాత్రం మావయ్య ఒప్పుకునేవాడు కాదని విన్నాను. దారి అయితే చూపిస్తాను, మనిషిని చూపించనని వాదించేవాడట. నాయుడుగారి తీగ ఎవరు తీశారో ఎప్పటికీ తెలియలేదు. సింహాచలానికి నీళ్ళు కట్టే పని తిరిగి ఇవ్వలేదు. నేను ఆ ఊరికి మళ్ళీ వెళ్ళలేదు. రామతీర్థం గుడికి వెళ్ళినప్పుడు కూడా కొండకి ఇవతలనుంచే వచ్చేసేదాన్ని.

ఇదంతా హారికకి ఒక సాయంత్రం కూర్చుని చెప్పాను. ఆ పిల్ల, "ఇప్పుడైతే అంత సిగ్గు ఏముంది ఆంటీ, మందుల షాపులో అడిగేస్తాం" అంది. నిజమే. ఆ సిగ్గు తగ్గింది. అయితే అనుమానం తగ్గిందా అని నాకు సందేహం. అప్పుడు ఐదారుగురు గట్టు మీద వెనకాల నడిచేవారు, వాళ్ళ ముఖాలు మాకు కనిపించేవి. ఇప్పుడు మన ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు, అది ఎవరి ఫోనులో ఎక్కడికి పోయిందో, దాని కింద ఏం రాశారో మనకి తెలియదు. ఆ గోగు నేలలో తీసిన మా కారు నంబరు ఫోటో నాలుగు రోజుల్లో మా వాచ్‌మన్ ఫోనుకే వచ్చింది, స్థలాలు కాజేసేవాళ్ళు తిరుగుతున్నారు జాగ్రత్త అని. ఈసారి కళ్ళంలో నిలబడి చెప్పుకుందామన్నా కళ్ళం ఎక్కడుందో తెలియదు. "ఆ ఊరి పైడమ్మగారు ఇంకా ఉన్నారేమో, వెళ్దామా?" అని హారిక అడిగింది. కుక్కని ఇంట్లో వదిలి వస్తేనే వస్తానన్నాను.

పైడమ్మ ఉంది. తాటాకు ఇల్లు పోయి డాబా వచ్చింది. అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. చూపు మందగించింది. నేనెవరో చెప్పాను. నా గొంతు వైపు తల తిప్పింది. తర్వాత, "మల్లీ ఎందుకొచ్చినావు?" అంది. మాట కటువుగానే ఉంది, ఆ కటువుకి ఆమెకి హక్కుంది. హారిక తన కుక్క సంగతి, చోటు సంగతి చెప్పింది. పైడమ్మ పిక్కలు తీస్తూనే విని, "ఎనకాల మా వోడి బీడు ఉన్నాది. సేసుకోండి. అయితే ముందు ఇంటింటికీ ఎల్లి ఏటి సేత్తన్నారో సెప్పండి. ఒక ఇల్లు కూడా ఇడవకండి" అంది. హారిక వెంటనే లేచి మొదటి ఇంటి వైపు వెళ్ళింది.

మేమిద్దరం మిగిలాం. సింహాచలం గురించి అడిగాను. పోయి మూడేళ్ళయిందట. నాయుడుగారి పొలం వదిలాక ఇటుకబట్టీల్లో చేశాడు, తర్వాత కొడుకు సంపాదించాడు, బాగానే గడిచిందట. క్షమించమని అడగడానికి నేను మాటలు వెతుక్కుంటున్నాను. ఏళ్ళ తరబడి మాటలతోనే బతికినదాన్ని, ఒక్కటీ దొరకలేదు.

"ఊరోల్లు మర్సిపోనారు" అంది పైడమ్మ. "ఆడు మర్సిపోనేదు. ఊరి మీద కోపం కాదు ఆడికి. సివరి వరకూ నన్నొక్కటే అడిగినాడు. ఇల్లు పీకుతున్నప్పుడైనా, నాకొక్కడికైనా, సెవిలో సెప్పకూడదేటే అని."

"మీరేమన్నారు?"

"ఏటంటాను? ఆ గుంట నెత్తి మీద సెయ్యేసినాను కదా అన్నాను. నమ్మినాడనే అనుకుంటాను." ఆమె పిక్కలు తీయడం ఆపింది. "నమ్మినాడో నేదో. ఆ తరవాత ఎప్పుడు బయటికెల్లినా ఎక్కడికెల్తన్నావే అని అడిగీవోడు. అంతకు ముందు ఎప్పుడూ అడిగీవోడు కాదు."